కోరపంటి మైల

ఏడుగురు అక్కచెల్లెండ్లకు ఏకైక సోదరుడు, అమ్మవారి ఊరేగింపుకు ముందు నడిచే సేనాధిపతి, కొరడా ఝళిపిస్తే కలరా సైతం మూసీ దాటి పారిపోతుందని పేరుపడ్డ పోతరాజు, ఆషాఢ మాసం తలుపు తట్టబోయే వేళకు పురానాపూల్ పక్క బస్తీలో తన ఇంటి అరుగు మీద కూర్చుని, కుడి చెంపకు వేడి ఉప్పుమూట అదుముకుని, వీధిలో ఎవరికీ వినపడనంత మర్యాదగా మూలుగుతున్నాడు.

లౌకిక వ్యవహారంలో ఆయన పేరు మైసయ్య. వయసు యాభై రెండు. నీళ్ళ డిపార్టుమెంటులో లైన్‌మన్. మనిషి ఎత్తున్న ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని సందుసందుకూ తిరిగి, నేలలో దిగేసిన వాల్వులు తిప్పి నల్లాలకు నీళ్ళు విడవడం ఆయన ఉద్యోగం. భగీరథుడు గంగను ఒక్కసారి తెచ్చి యుగయుగాల కీర్తి సంపాదించుకున్నాడు. మైసయ్య రోజూ తెచ్చేవాడు. తెచ్చినందుకు ఒక వీధివాళ్ళు, ఆలస్యమైనందుకు ఇంకో వీధివాళ్ళు ఆయన వంశాన్ని క్రమం తప్పకుండా స్మరించేవారు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు ఆయన బతుకు ఇది. మిగిలిన ఒక్క రోజు, బోనాల ఆదివారం నాడు, ఆయన ఒళ్ళంతా పసుపు పూసుకుని, కాళ్ళకు గజ్జెలు, నడుముకు వేపమండలు కట్టుకుని, పండ్ల మధ్య నిమ్మకాయ కరిచిపట్టుకుని బయటికి వస్తే, నిన్నటిదాకా తిట్టిన ఆ నోళ్ళే ‘అమ్మ తమ్ముడొచ్చిండు’ అని దారి ఇచ్చి చేతులు జోడించేవి. ఈ ఒక్క రోజును తీసేస్తే తనకు మిగిలేది ఇనుప తాళంచెవి మాత్రమేనని మైసయ్యకు తెలుసు.

ఇప్పుడు ఆ ఒక్క రోజు ఒక పంటి మీద ఆధారపడి ఉంది. పై వరసలో, కుడివైపు, కోరపన్ను.

ఆ బస్తీ ఆచారం తెలిస్తే తప్ప ఈ ఆపద బరువు తెలియదు. బోనాలన్నీ గుడి చేరాక, సాయంత్రం డప్పులు తారస్థాయికి వెళ్ళినప్పుడు, పోతరాజు గావు పట్టాలి. అంటే అమ్మవారి ముందు నిలబెట్టిన మేకపిల్ల మెడను చేతులు తగలకుండా పండ్లతోనే కొరికి పట్టాలి. కోరపండ్లు లేనివాడు ఆ పనికి తగడు. ఈ చివరి నియమాన్ని ఏ మునీ చెప్పలేదు, ఏ తాటాకూ భద్రపరచలేదు. పద్నాలుగేళ్ళ కింద గుడి ముందు జరిగిన పంచాయితీలో ఒకడు లేచి నిలబడి, అప్పటి పోతరాజును వేలెత్తి చూపుతూ, ‘నోట్లె కోరలు లేనోడు గావు ఎట్ల వడతడు, పెద్దమనుషులు జర చెప్పున్రి’ అని అడిగాడు. పెద్దమనుషులకు జవాబు దొరకలేదు. దొరకని జవాబు ఆ క్షణం నుంచి శాసనమైంది. వేలుకు ఎదురుగా తల వంచుకుని నిలబడ్డవాడు గుండయ్య. వేలెత్తినవాడు ఆయన సొంత అన్నకొడుకు మైసయ్య.

అందుచేత తన పన్ను సలుపుతున్న సంగతి బయటికి పొక్కకూడదు. ముఖ్యంగా అదే సందులో నాలుగిళ్ళ అవతల ఉండే గుండయ్య ఇంటికి అసలు పొక్కకూడదు. ఎందుకంటే గుండయ్యకు బాలనర్సింహ అనే కొడుకున్నాడు. ముప్ఫై ఏళ్ళవాడు, బండరాయి వంటి ఒళ్ళు, ముప్ఫై రెండు పండ్లు. ఈ మధ్య అతడు ఎదురుపడ్డప్పుడల్లా ‘అన్నా, బాగున్నవా’ అని పలకరించి మైసయ్య నోటివైపు చూస్తున్నట్టు మైసయ్యకు అనుమానం కలిగింది. అనుమానం కలిగిన రోజు నుంచి ఆయన నవ్వడం మానేశాడు. పండుగ దగ్గరపడుతున్నకొద్దీ మైసయ్య మీదికి అమ్మ వస్తోందని, అందుకే ముఖం గంభీరంగా మారిందని బస్తీ ఆడవాళ్ళు చెప్పుకున్నారు.

లోకంలో ఉన్న వైద్యాలన్నీ ఆ పంటి ముందు వరసకట్టి ఓడిపోయాయి. లవంగం ఓడింది. పొగాకు ఓడింది. పంటి పురుగు తీస్తానని వీధిలో అరుస్తూ వచ్చిన ముసలామె ఒక గొట్టం చెవి దగ్గర పెట్టి మూడు తెల్ల పురుగులు రాల్చి చూపింది. పురుగులు పోయాయి గాని నొప్పి వాటి వెంట వెళ్ళలేదు. చివరికొక మధ్యాహ్నం చార్మినార్ వైపు, గొడుగు కింద గుడ్డ పరిచి, ఎవరెవరివో పీకిన పండ్లను ముత్యాల్లా కుప్ప పోసుకున్న పంటి మేస్త్రీ దగ్గరికి కూడా వెళ్ళాడు.

“ఆవో పైల్వాన్, బైఠో. ఏక్ మినిట్ కా కామ్,” అన్నాడు మేస్త్రీ, పట్టకారును తొడకు తుడుచుకుంటూ.

“పీకుతందుకు కాదు భాయ్. నొప్పి పోవాలె, పన్ను ఉండాలె.”

మేస్త్రీ ఆయనను కొంతసేపు జాలిగా చూశాడు. “పైల్వాన్, మకాన్ జలా కే కిరాయా మాంగ్ రహే. ఐసా కహీఁ హోతా క్యా?”

ఇల్లు తగలబెట్టి అద్దె అడగలేక మైసయ్య లేచి వచ్చేశాడు. ఆ రాత్రి ఆయన పడుకోలేదు. భార్య ఎల్లమ్మ కూడా పడుకోలేదు. రెండు బర్రెలను సాకి, పొద్దున్నే పాలు పిండి ఇంటింటికీ పోసే ఆమెకు నిద్ర విలువ తెలుసు.

“గా ఒక్క పన్ను కోసం బజారంత తిరుగుతున్నవు,” అంది పొద్దున బర్రె పొదుగు కడుగుతూ. “నేను పాలు పోసే ఆగమ్మ లేదూ, అఫ్జల్‌గంజ్ పంటి దవాఖానల ఆయా. ఇప్పుడు పన్ను పీకకుంటనే లోపట కడిగి మంచిగ చేస్తున్నరట. పోయి సూపెట్టుకో. లేదంటే నన్నన్న పండుకోనియ్యి.”

మొహానికి తువాలు చుట్టుకుని, గూఢచారి కోటలో ప్రవేశించినట్టు మైసయ్య ఆ దవాఖానాలో ప్రవేశించాడు. బెంచీ మీద నలభై మంది దవడలు పట్టుకుని కూర్చున్నారు. ఏ మతంవాడైనా, ఏ కులంవాడైనా అక్కడ ఒకే భంగిమ. ఆయన వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

డాక్టర్ కళావతి పెద్ద చదువు చదువుతున్న పిల్ల. కళ్ళకింద నల్లని చారలు, గొంతులో అలసట. ఆ రోజు అది ఆమె పందొమ్మిదో నోరు. నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, పంటి మీద సన్నని కడ్డీతో ఒక్కసారి తట్టింది. అమ్మవారి తమ్ముడు కుర్చీలోంచి జానెడు లేచాడు. ఆ తర్వాత ఎక్స్‌రే తీయించి, ఆ నల్లని ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అప్పుడు మాత్రం ఆమె ముఖంలో అలసట కాస్త వెనక్కి తగ్గింది.

“ఎంత పొడుగుందో వేరు,” అంది. “నోట్లో అన్నిటికన్నా పొడుగు వేరు ఈ పంటికే. పీకొద్దు. కాపాడదాం.”

“మీ పుణ్యం డాక్టరమ్మా. ఎట్ల కాపాడతరు?”

“పంటి లోపల సన్నటి కాలువ ఉంటుంది. అందులో నరం. ఆ నరం చెడింది. దాన్ని తీసేసి, కాలువంతా గీకి, కడిగి, ఆరబెట్టి, మందు నింపి మూసేస్తాం. ఐదారుసార్లు రావాలి.”

మైసయ్య ముఖం నెలరోజుల్లో తొలిసారి విప్పారింది. ముప్ఫై ఏళ్ళుగా తను చేస్తున్న పని ఇంగ్లీషు మందులతో తన నోట్లోనే జరగబోతోంది. “అంటే మెయిన్ బంద్ చేసి, పైపు సాఫ్ చేసి, చివరికి డమ్మీ కొట్టి మూస్తరన్నట్టు.”

కళావతి ఎక్స్‌రేను కిందికి దించింది. “మా ప్రొఫెసర్ ఇంత తేటగా చెప్పలేదు,” అంది.

శనివారం నాడు మొదలుపెట్టింది. చిగుళ్ళలో సూది పొడిచింది. పెదవి మొద్దుబారి, ఎవరిదో తెచ్చి తగిలించినట్టయింది. బెల్టుతో తిరిగే మిషను గుర్రుమంది. కొరడా దెబ్బలు ఒంటి మీద పడ్డా రెప్ప వాల్చని వీరుడు రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏడుగురు అక్కచెల్లెండ్లనూ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు. ఐదో అక్క దగ్గర మిషను ఆగింది. కళావతి ముళ్ళముళ్ళుగా ఉన్న సన్నని తీగను పంటిలోకి దింపి, ఒక మెలిక తిప్పి, నెమ్మదిగా బయటికి లాగింది. దాని కొసన ఎర్రటి దారప్పోగు ఒకటి వేలాడుతోంది. అంగుళం కూడా లేదు.

“ఇదిగో. ఇన్ని రోజులు మిమ్మల్ని ఏడిపించింది ఇదే.”

మైసయ్య దాన్ని రెప్పవేయకుండా చూశాడు. మొద్దుబారిన పెదవి లోంచి మాట వంకరగా వచ్చింది. “ఇది పంటి పానమా?”

“అనుకోవచ్చు. దీనివల్లే పంటికి చలి, వేడి, నొప్పి తెలిసేది.”

“ఇప్పుడు పన్ను సచ్చినట్టా?”

“చచ్చినట్టే. కానీ కదలదు. ఎక్కడున్నది అక్కడే ఉండి పని చేస్తుంది. అలాంటివాళ్ళు మా ఆఫీసులో కూడా ఉన్నారు,” అని కళావతి పోగును దూదిలో పడేయబోయింది.

“అది నాకిస్తరా?”

పీకిన పన్నును అడిగినవాళ్ళను ఆమె చూసింది. నరాన్ని అడిగినవాణ్ణి చూడలేదు. బయట బెంచీ మీద ఇంకా పదకొండు నోళ్ళు ఉన్నాయి. కారణం అడిగే ఓపిక లేక, గాజుగుడ్డ ముక్కలో చుట్టి చేతిలో పెట్టింది.

అఫ్జల్‌గంజ్ నుంచి మూసీ ఒడ్డు వెంట నడుచుకుంటూ మైసయ్య ఇంటికి బయలుదేరాడు. గుప్పిట్లో ఆ పొట్లం. నలభై ఏళ్ళు తన నోట్లో పుట్టి పెరిగి, జొన్నరొట్టెలు నమిలి, పద్నాలుగు పండుగల్లో తన పరువు నిలబెట్టిన ప్రాణం. దాన్ని మోరీలో పడేయడానికి చేయి రాలేదు. పురానాపూల్ దగ్గరికి వచ్చేసరికి అవతల శ్మశానంలో ఎవరిదో చితి ఆరిపోతోంది. మైసయ్య నీళ్ళ దగ్గరికి దిగి, గుడ్డ విప్పి, పోగును నీళ్ళలో వదిలాడు. తండ్రిని, తల్లిని, అన్నను కలిపింది ఆ నీళ్ళలోనే. కాళ్ళు తెలిసిన దారి కాబట్టి వాటి పని అవి చేసుకుపోయాయి. చొక్కా విప్పాడు. మోకాళ్ళ లోతుకు దిగాడు. దోసిలితో నీళ్ళు తల మీద పోసుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

ఒడ్డుకు వచ్చి తల తుడుచుకుంటున్నప్పుడు చేయి ఆగిపోయింది.

తను చేసింది చావు స్నానం.

చావు స్నానం చేసినవాడికి మైల. మైల పదకొండు రోజులు. మైల ఉన్నవాడు గుడి మెట్టు ఎక్కకూడదు, బోనం దరికి పోకూడదు, పసుపు ముట్టకూడదు. ఇది ఎవరో లేచి అడిగి పెట్టిన నియమం కాదు, అందరి పుట్టుకకు ముందునుంచీ ఉన్నది. మైసయ్య వేళ్ళు మడిచాడు. ఈ శనివారం ఒకటి. రేపు ఆదివారం రెండు. పై ఆదివారం తొమ్మిది. పై ఆదివారమే బోనాలు.

ఆ వారంలో ఆయన ఇంకా మూడుసార్లు కుర్చీ ఎక్కాడు. ఒక్కో రోజు కళావతి ఒక్కో నంబరు సూదితో పంటి కాలువను గీకింది, పిచికారీతో కడిగింది, కాగితపు పుల్లలతో ఆరబెట్టింది, లవంగం వాసన కొట్టే మందు పెట్టి మూసింది. ఇంట్లో ఓడిపోయిన లవంగమే అక్కడ ఇంగ్లీషు పేరు పెట్టుకుని గెలిచింది. నొప్పి లేదు. నెలరోజుల తర్వాత చల్లనీళ్ళు తాగగలిగాడు. అయినా ఆయన దవడలోంచి బయలుదేరిన నొప్పి నెత్తికెక్కి కూర్చున్నట్టు, కుర్చీలో నోరు తెరిచినంతసేపూ అదే లెక్క వేసుకున్నాడు. మనిషి చస్తే మైల. పశువు చస్తే లేదు. మరి మనిషిలో ముప్ఫై రెండో వంతు చస్తే? పంటి మైల పాలోళ్ళకు, అంటే గుండయ్య ఇంటికి కూడా, తగులుతుందా? ఒంట్లో ఉన్న శవాన్ని ఒంట్లోనే ఉంచుకుని ఎన్ని స్నానాలు చేస్తే మాత్రం ఏం లాభం? కాశీ పండితులు నూరేళ్ళు వాదించుకోదగిన ధర్మసూక్ష్మం ఒక నల్లా లైన్‌మన్ మీద పడింది.

శుక్రవారం నాడు కళావతి రబ్బరులాంటి సన్నని పుల్లను వేడిచేసి కాలువ నిండా దించి, పైన వెండిపూతలా మెరిసే సిమెంటు అద్ది, కడపటి ఎక్స్‌రే తీయించింది. వేరు కొసదాకా తెల్లని గీత నిండుగా కనబడింది. ఆమె దాన్ని చాలాసేపు చూసుకుంది. పరీక్షలో చూపించుకునే బొమ్మ అది.

“అయిపోయింది. ఈ పన్ను మీతోనే ఉంటుంది. కానీ ఒక మాట. లోపల జీవం లేదు కాబట్టి పెళుసుగా ఉంటుంది. చెరుకు, బొక్కలు, అలాంటివి ఈ పంటితో కొరకొద్దు. విరిగిందంటే ఇక పీకడమే.”

మైసయ్య గొంతు సవరించుకున్నాడు. “మేక?”

“మాంసమా? మెత్తగా ఉడికిందైతే తినండి.”

“ఉడకనిది?”

“ఉడకనిది ఎవరు తింటారు?”

“ఎవరు తినరు,” అన్నాడు మైసయ్య.

ఆ సాయంత్రం ఆయన పద్నాలుగేళ్ళుగా తొక్కని గడప ముందు నిలబడ్డాడు. గుండయ్యకు డెబ్బై ఆరు. అరుగు మీద గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని, చాయలో బ్రెడ్డు ముక్క నానబెట్టుకుంటున్నాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. బస్తీలో ఎవరింట పుట్టినా, చచ్చినా మైలలూ, అంటుముట్టులూ లెక్కగట్టి చెప్పేది ఇప్పటికీ ఆయనే. పోతరాజు పదవి పోయినా న్యాయమూర్తి పదవి పోలేదు. శత్రువు సింహాసనం ముందు శరణు కోరే దండనాయకుడిలా మైసయ్య వంగి నమస్కారం పెట్టాడు.

“చిన్నబాపూ, ఒక ధర్మం అడుగుతందుకొచ్చిన.”

“ధర్మమా?” గుండయ్య బ్రెడ్డు ముక్కను చాయలోంచి తీసి పరీక్షించి మళ్ళీ ముంచాడు. “పద్నాలుగేండ్లకు అరుగెక్కినవ్. మంచినీళ్ళన్న అడుగుతవనుకున్న. కూసో. ఏంది?”

“మైల సంగతి.”

“ఎవలు సచ్చిన్రు?”

మైసయ్య ఇటూ అటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, నోరు తెరిచి వేలితో చూపించాడు. గుండయ్య ఆయన గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి, పశువుల సంతలో చూసినట్టు చూశాడు.

“మంచిగనే ఉన్నది గదరా మైసిగా.”

“పైకి మంచిగున్నది. లోపట పానం లేదు. దవాఖానల తీసిన్రు.”

“పానం తీసి పన్ను ఉంచిన్రా?” ముసలాయన కళ్ళు చికిలించాడు. “యముడు గుడ నేర్వని విద్య. ఎన్నడు?”

“పోయిన శనివారం. మూసీల కలిపిన.”

“కలిపి?”

“తానం జేసిన.”

“ఎందుకు జేసినవ్?”

“అలవాటు.”

గుండయ్య చాయవైపు తల దించుకున్నాడు. భుజాలు మాత్రం సన్నగా కదిలాయి. అది నవ్వని మైసయ్యకు ఆలస్యంగా అర్థమైంది. “తానం జేసినోడు మైల ఒప్పుకున్నట్టేరా. చెయ్యకపోతే అడుగుతందుకే ఏం లేకుండె. ఆదివారం తొమ్మిదో దినం.”

“లెక్క నాకు గుడ వస్తది.”

“లెక్క ఒస్తే నా దగ్గరికెందుకొచ్చినవ్? నేను మైల ఉన్నదంటే నా కొడుకు గజ్జె కడతడు. ఎరుకనే గద.”

“ఎరుకనే. గీ ధర్మం చెప్పేటోడు బస్తీల ఇంకోడు లేడు.”

ముసలాయన బ్రెడ్డును నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో నెమ్మదిగా నలిపాడు. మింగిన తర్వాత మూతి తుడుచుకుని అడిగాడు. “నా పండ్లు ఎప్పుడు పోయినయో చెప్పు.”

మైసయ్య తల వంచుకున్నాడు. “నేను పంచాయితిల అడిగిన ఏడు.”

“దానికి ఆరేండ్ల ముందుగల్ల. రెండు కోరలు ఒక్క ఎండకాలంలనే పోయినయి.”

“మరి గావు?”

“కటికె మొగులయ్య ఉండె గద, సచ్చిపోయిండు పాపం. మేకను కడిగేటప్పుడే మెడకింద సన్నగ గాటు పెట్టేటోడు, దాని మీద పసుపు రాసేటోడు. నేను మూతి ఆనిచ్చేటోన్ని. డప్పుల లొల్లిల ఎవడు సూస్తడు? అమ్మ సూసేది. ఆరేండ్లు సూసింది. ఏమనలె. నువ్వన్నవు.”

మైసయ్య చేయి తన కుడి చెంప మీదికి పోయింది. ఐదు విడతలు కుర్చీలో వేలాడి, అక్కచెల్లెండ్లను పిలిచి, ఎక్స్‌రేలు తీయించుకుని తను నిలబెట్టుకున్న కోరపన్ను అసలు అక్కరే లేదన్నమాట. “పంచాయితిల చెప్పకపోతివి. ఒక్క మాట చెప్తే నా నోరు మూతపడుతుండె.”

“చెప్తే ఇంకో పదేండ్లు దుంకాలె.” గుండయ్య కాళ్ళు ఇంకాస్త చాపుకున్నాడు. “అరవై రెండేండ్లరా నాకు అప్పుడు. మోకాళ్ళు పట్టుకుంటుండె. ఆషాఢం వస్తుందంటే గుబులైతుండె. దిగుతనంటే దిగనిస్తరా? అమ్మ ఏసిన పీట అంటరు. నువ్వు లేచి వేలు సూపినవు. మందిల ఇజ్జత్ పోయింది, నిజమే. గని ఆనాడు పండుకున్న నిద్ర మళ్ళ ఎన్నడు పండలె. నీ మీద కోపంతోని మాట్లాడలేదనుకున్నవా? మాట్లాడితె నవ్వొస్తదని భయపడ్డ.”

సందు చివర ఎవరో నల్లా దగ్గర బిందెలు దడదడలాడించారు. రేపు పొద్దున నీళ్ళు విడవాల్సింది తనే అని మైసయ్యకు గుర్తొచ్చింది. ఆదివారం ఎగరాల్సింది తనే. సోమవారం పొద్దున, ఒళ్ళంతా పచ్చిపుండై ఉండగా, మళ్ళీ నీళ్ళు విడవాల్సింది తనే.

“ఇగ చెప్పు,” అన్నాడు గుండయ్య. “ఏది కావాలె? మైల లేదంటవా, లేదని చెప్త. పన్ను కదలలేదు, ఊడలేదు, కట్టె ఇంట్లెనే ఉన్నది, పాడె లేవకపోతే మైల ఏడిది అంట. ఎవడు కాదంటడో సూస్త. ఉన్నదంటవా, ఉన్నదని చెప్త. నీళ్ళిడిచినోనికి మైల, ఇంటోళ్ళకు, పాలోళ్ళకు తగులదు అంట. రెంటికి దారున్నది. నీకు ఏ దారిల నడవబుద్దయితున్నదో అది చెప్పు.”

న్యాయమూర్తి కక్షిదారుణ్ణి తీర్పు అడగడం ఏ కోర్టులోనూ జరగదు.  మైసయ్య నాలుక తనంతట తాను కుడివైపుకు పోయి కోరపంటిని తడిమింది. నున్నగా, చల్లగా, ఏ బాధా లేకుండా నిలబడి ఉంది. దాని పని అయిపోయింది, దానికి ఆ సంగతి తెలిసింది. ఇన్నాళ్ళూ ఈ పన్నును ఎవరినుంచి కాపాడుకుంటున్నాడు? బాలనర్సింహ నుంచి. ఎందుకు? ఆ ఒక్క రోజు కోసం. ఆ ఒక్క రోజు వస్తోందంటే గత నాలుగేళ్ళుగా తనను పట్టుకుంటున్నదేమిటో ఇప్పుడు ఈ ముసలాయన పేరు పెట్టి చెప్పాడు.

“పోతరాజు గాకుంటే నన్నెవడు దేకుతడు చిన్నబాపూ? నల్లా మైసిగాడు అంటరు.”

“ఇప్పుడు గుడ గదే అంటరు. ఒక్కదినమే ఇంకోటి అంటరు. నన్ను జూడు. పద్నాలుగేండ్లాయె. ఒకటి అడుగుతందుకొస్తరు, ఒకటి చెప్పిపోతరు. ఆఖరికి నువ్వు గుడ వస్తివి.”

మైసయ్య అరుగు మీద గచ్చును వేలితో గీస్తూ కూర్చున్నాడు. వేలు అటూ ఇటూ మూడుసార్లు పోయింది.

“ఉన్నదను,” అన్నాడు.

“మల్ల కావాలనుకుంటె పీట రాదు.”

“ఉన్నదను చిన్నబాపూ. అలిసిపోయిన.”

గుండయ్య తల ఊపి, ఇంటిలోపలికి తిరిగి గొంతు పెంచాడు. “బాలిగా, బయటికి రా. పొద్దుగాల లేచి పండ్లు మంచిగ తోముకో. నీకు పని వడ్డది.”

రాత్రికల్లా తీర్పు బస్తీ అంతటికీ తెలిసింది. మైసయ్యకు తల్లి దిక్కున దగ్గరి చుట్టం ఒకడు పోయాడని, నీళ్ళు విడిచినవాడు మైసయ్యే కాబట్టి మైల ఆయన ఒక్కడిదేనని గుండయ్య పెద్దమనుషులకు చెప్పాడు. ఎవరా చుట్టమని బసవయ్య అనే పెద్దమనిషి గుచ్చి అడిగాడట. “నీకెరుక లేడు. ముప్ఫై ఇద్దరు అన్నదమ్ములల్ల ఒకడు. చిన్నప్పటిసంది మైసయ్య ఇంట్లెనే తిన్నడు,” అని ముసలాయన చెప్పాడట. అంత పెద్ద కుటుంబంలో ఎవరో ఒకరు పోవడం సహజమేనని బసవయ్య ఒప్పుకున్నాడు.

మైల ఉన్నవాడు కొరడా ముట్టకూడదు. ఎల్లమ్మ సందూకు తెరిచి, కొరడా, గజ్జెలు తీసి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పైన ఎర్ర గుడ్డ కప్పింది.

“ఏడుస్తవేమో అనుకున్న,” అంది.

“ఏడుపెందుకు?”

“గదే. పద్నాలుగేండ్ల సంది సోమారం సోమారం నీ ఒంటికి నూనె రాసి రాసి నా చేతులు గుంజినయి. అమ్మకు నేను గుడ ఒక మొక్కు మొక్కిన. ఇయ్యాల తీరింది.” పళ్ళెం ఎత్తుకుని గడప దాటి వెనక్కి తిరిగింది. “బాలనర్సింహ పెండ్లానికి నూనె ఎక్కడ దొరుకుతదో చెప్పొస్త.”

ఆదివారం సాయంత్రం సన్నని తుంపర పడింది. ఎల్లమ్మ బోనం ఎత్తుకుని ఆడవాళ్ళ వరుసలో పోయింది. మైలలో ఉన్నవాడు ఊరేగింపుకు ఎడంగా ఉండాలి గనుక మైసయ్య గుండయ్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి కాళ్ళు చాపుకున్నాడు. ఒకరి పక్కన ఒకరు, ఇద్దరు మాజీ దేవుళ్ళు.

డప్పులు సందు మలుపు తిరిగాయి. బాలనర్సింహ పసుపు ముద్దలా వచ్చాడు. నోట్లో నిమ్మకాయ, చేతిలో కొరడా. ఎగిరిన ప్రతిసారీ నేల అదిరింది. జనం దారి ఇచ్చి చేతులు జోడించారు. మైసయ్యకు డప్పు దెబ్బ అరికాళ్ళలో తెలిసింది. కుడి పాదం ఒకసారి తనంతట తాను లేవబోయింది. గుండయ్య చూడనట్టు చూసి, దాని మీద తన చేయి వేశాడు. పాదం పడుకుంది.

ఎదుటికి వచ్చాక బాలనర్సింహ ఆగి, వగరుస్తూ, అరుగువైపు తల వంచాడు. ఎవరికి వంచాడో, తండ్రికో, అన్నకో, చెప్పలేము. మళ్ళీ ఎగురుతూ వెళ్ళిపోయాడు.

“మోకాళ్ళు గట్టిగ ఉన్నయి,” అన్నాడు మైసయ్య.

“ఒక ఇరవై ఏండ్లు,” అన్నాడు గుండయ్య.

జనం గుడివైపు సాగిపోయారు. సందు ఖాళీ అయింది. గుండయ్య కోడలు ఉడకబెట్టిన శనగ గుడాలు ఒక గిన్నెలో తెచ్చి ఇద్దరి మధ్య పెట్టింది. ముసలాయనవి మెత్తగా నలిపి విడిగా ఉన్నాయి. మైసయ్య ఒక శనగ గింజ తీసుకుని, మొదట అలవాటుగా ఎడమవైపు పెట్టుకున్నాడు. కొంచెం ఆలోచించి నాలుకతో కుడివైపుకు జరిపాడు. డాక్టరమ్మ ఉడికింది తినమంది. ఇది ఉడికిందే. కోరపంటి కింద గింజ నలిగింది.

“ఎట్లున్నది?” అన్నాడు గుండయ్య.

గుడి దగ్గర డప్పులు ఉన్నట్టుండి ఉరుములా లేచి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. గావు అయిపోయింది. మైసయ్య అటు చూడలేదు. ఇంకో గింజ తీసుకున్నాడు.

“ఏం తెలుస్తలేదు చిన్నబాపూ,” అన్నాడు.